బిళ్ళ పెట్టుకున్నవాడి మాట

పోయిన వారం ఎల్వీ హార్యు కోటు కూడా తొడుక్కోకుండా కర్లింగ్ క్లబ్బు మెట్లు దిగిపోయిన చోట ఆగాం. ఎందుకలా దిగిపోయిందో మరిచినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

సరస్సు ఒడ్డున థండర్ బే ఊళ్ళో, మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగ్ ఆట ఆడుకునే ఆ క్లబ్బు మేడ మీద గదిలో ఆదివారం ఆదివారం కొందరు కూర్చుని, ఎక్కడా లేని దేశాలతో రాజకీయం నడుపుతారు. పటం వాళ్ళు గీసుకున్నదే. దేశాలు వాళ్ళు పుట్టించుకున్నవే. కాలం మాత్రం పాతది. రైళ్ళు వచ్చేసి, రాజులు ఇంకా పోని కాలం. ఎల్వీ దేశం పేరు ఓర్మాలా. బురద నేలల చిన్న రాజ్యం, దానికి లిన్సా అని ఒక్కటే రేవు. ప్రతి దేశానికీ ఒక బిళ్ళ ఉంటుంది. అది ఎవరి కోటు మీద ఉంటే ఆ దేశం మాట వాళ్ళది. వాళ్ళు ఏమన్నా దేశం అన్నట్టే. వెనక్కి తీసుకోవడం ఉండదు. ఎల్వీ కంటి ఆపరేషనుకు పోతూ, ఒక్క ఆదివారానికని తన బిళ్ళను ఓరెస్ట్ డానిల్యుక్ చేతిలో పెట్టింది.

తిరిగి వచ్చి చూస్తే ఓర్మాలా పటం మీదే ఉంది. రేవూ ఉంది. కానీ గదిలో ఎవరూ ఆమె ముఖం చూడలేదు. వాల్తోర్ చక్రవర్తి రెనాటో తన కాఫీ కప్పే ఇంకొకళ్ళ చేత నింపించుకునే రకం. అలాంటివాడు లేచి, ఆమెకు కాఫీ తెచ్చి ఇచ్చాడు. దాంతో ఎల్వీకి అనుమానం వచ్చింది. అడిగితే అతనే చెప్పాడు. పోయిన ఆదివారం ఓరెస్ట్ ఓర్మాలా మచ్చను బల్ల మీద అందరి ముందూ విప్పేశాడు. ఇవాళ క్లబ్బుకు రాలేదు. బిళ్ళ మాత్రం పొద్దున్నే తీర్పరి చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఎక్కడికి వెళ్ళి ఉంటాడో ఎల్వీని ఎవరూ అడగక్కర్లేదు. చలికాలంలో ఓరెస్ట్ మొహం చాటేశాడంటే గడ్డకట్టిన సరస్సు మీద తన గుడిసెలో ఉన్నట్టే.

మధ్యాహ్నం ఎండ మంచు మీద పడి తెల్లగా కొడుతోంది. కుడి కంటి మీద ప్లాస్టిక్ మూత. ఒంటి కంటికి దూరాలు తెలియవు. దగ్గరనుకున్న గుడిసె ఎంత నడిచినా దగ్గర కాలేదు. దూరమనుకున్న మంచు గట్టు కాలికే తగిలింది. మోకాళ్ళ మీద పడింది. లేచి దులుపుకోలేదు.

ఓరెస్ట్ గుడిసె నీలం రంగుది. తలుపు ఏదో పాత పడవది. తట్టకుండా తీసింది.

“తలుపు వేసెయ్. చేపలకు చలేస్తుంది,” అన్నాడు ఓరెస్ట్. తల ఎత్తలేదు. మంచులో తొలిచిన బొక్క ముందు బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. చేతిలో గాలం. మూల చిన్న పొయ్యి మండుతోంది.

ఎల్వీ తలుపు వెయ్యలేదు.

అప్పుడు చూశాడు. “కోటేది?”

“క్లబ్బులో ఉంది. నా పరువు పక్కనే తగిలించి వచ్చాను.”

“పిచ్చి వేషాలు వెయ్యకు. ఇదిగో, ఈ దుప్పటి కప్పుకో. కన్నెలా ఉంది?”

“ఒక కన్ను చాలు, నిన్ను చూడ్డానికి.”

ఓరెస్ట్ లేచి తనే తలుపు వేశాడు. రెండో బకెట్టు బోర్లించాడు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి దాని పక్కన పెట్టాడు. అన్నీ నెమ్మదిగా చేశాడు. ఎల్వీ కూర్చోలేదు. కాఫీ ముట్టలేదు.

“ఇప్పుడేమయింది ఎల్వీ? దేశం ఉందా, రేవు ఉందా?” అన్నాడు చివరికి. “రెనాటో దండు లిన్సాలో దిగింది. రేవు పోతే ఓర్మాలా పోయినట్టే. పోయిన దేశం పేరు ఆ గదిలో మళ్ళీ ఎత్తరు, నీకు తెలీనిది కాదు. మచ్చ విప్పితే పోయినదాంట్లో ఒకటి వెనక్కి అడగొచ్చు. విప్పాను. రేవు అడిగాను. నిలబెట్టాను. దండేస్తావనుకున్నా.”

మచ్చ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ గదిలో మచ్చ లేని దేశాన్ని పటం మీదికి ఎక్కనివ్వరు. తీర్పరి వినిఫ్రెడ్ పెట్టిన కట్టుబాటు అది. కొత్త దేశం తెచ్చినవాళ్ళను బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు దులిపేస్తారు. మీవాళ్ళు కరువు నెలలో ఏం తింటారు? మీ వంతెన కట్టినవాడికి కూలి ఇచ్చారా? మీ రాజు ఎవరిని చూస్తే దారి మార్చుకుంటాడు? అన్నిటికీ జవాబు చెప్పాక, కోట్లు తగిలించే గదిలోకి వెళ్ళి, ఆ దేశం ఎవరికీ తెలియకుండా దాచుకున్న మచ్చ ఏదో వినిఫ్రెడ్ చెవిలో చెప్పాలి. మచ్చ లేని దేశం బొమ్మ దేశం అంటుందావిడ. ఊళ్ళు, నదులు ఎవరైనా గీస్తారట.

ఓర్మాలా మచ్చ వినిఫ్రెడ్ చెవిలో పడి ముప్పై ఏళ్ళయింది. ఆవిడ తరవాత తెలిసింది ఓరెస్ట్ ఒక్కడికే.

“దండ తరవాత వేస్తాను,” అంది ఎల్వీ. “ముందొకటి చెప్పవయ్యా. మన రెండు దేశాల మధ్య ఉన్నది ఒకటే కనుమ, ఓర్మాలాలోకి దారి అదొక్కటే. అందులో నీ దండు ఉంది. ఆ కనుమ దాటకుండా రెనాటో లిన్సాకి ఎట్లా దిగాడు? ఎగిరొచ్చాడా?”

గాలం తాడు చిన్నగా అదిరింది. ఓరెస్ట్ లాగలేదు.

“చేప పడింది, చూసుకో,” అంది ఎల్వీ.

“పోనీలే.”

“దండు వెనక్కి తీశావు.”

“తీశాను.”

ఎల్వీ అప్పుడు కూర్చుంది.

ఆ కనుమలోంచి ఓరెస్ట్ దండు ఏనాడూ కదలలేదు. ఆట మొదలైన ఏడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దేశాలు పుట్టించుకున్నారు. ఓరెస్ట్‌ది బ్రెజ్నియా, గోధుమ పొలాల దేశం. ఓర్మాలా నేలలో గుర్రం అడుగుపెడితే కడుపుదాకా దిగబడుతుంది గనక ఎల్వీ తన సైనికులను కర్రకాళ్ళ మీద నడిపించింది. ఓరెస్ట్ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. “మీ సేనాపతి తుమ్మితే యుద్ధం అయిపోతుంది కదమ్మా!” అన్నాడు. అయినా ఆ ఏడు శీతాకాలంలో వాల్తోర్ గుర్రాలు బురదలో కూరుకుపోతే, కర్రకాళ్ళ వాళ్ళే పైనుంచి గెలిచారు. ఆ రోజు ఆ ఊళ్ళో పర్షియన్లనే, గులాబీ రంగు క్రీము రాసిన తీపి రొట్టెలు ఒక పళ్ళెం తెప్పించుకుని, దాని మీదుగా చేతులు కలిపారు. కనుమ నీది, రేవు నాది. ఓరెస్ట్ ఒక డబ్బా మూత కత్తిరించి, కిరీటం పెట్టుకున్న చేప బొమ్మ చెక్కి, ఓర్మాలాకు బిళ్ళ చేసిచ్చాడు. తరవాత ఒక ఏడు బ్రెజ్నియా రాజధాని తగలబడుతోంటే కూడా కనుమలోంచి ఒక్క బంటును తియ్యలేదు. రెనాటో ఎగతాళి చేశాడు. “పెళ్ళాం ఊరనుకుంటున్నావా?” అన్నాడు. ఓరెస్ట్ పళ్ళికిలించి ఊరుకున్నాడు.

అలాంటివాడు తీశాను అంటున్నాడు.

“అంటే నా దేశం ఓడిపోలేదు. నువ్వు ఓడించావు. మచ్చ విప్పే హక్కు రావాలి, అందుకని ఓడించావు.”

“ఊఁ.”

“ఊఁ అంటే సరిపోయిందా? అది నీకెక్కడ చెప్పానో గుర్తుందా?”

“ఇక్కడే. మీ నాన్నను పూడ్చిపెట్టి వచ్చిన రోజు. అప్పుడు ఈ పొయ్యి లేదు, పాతది.”

“విని ఏమీ అన్లేదు నువ్వు. ఒక కట్టె తీసి పొయ్యిలో పెట్టావంతే. దాన్నే మాటనుకున్నాను నేను.”

“నేనేం ఒట్టు పెట్టలేదు ఎల్వీ.”

“పెట్టించుకోలేదు. నీకు ఒట్టెందుకులే అనుకున్నాను.”

ఓరెస్ట్ తొడ మీద అరచెయ్యి రుద్దుకున్నాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

“మీ నాన్న పేరు ఎత్తలేదు,” అన్నాడు. “టార్న్ దీవి అన్లేదు. మన సరస్సు అన్లేదు. లిన్సా రేవులో పడవలకు దారి చూపే దీపం కాపరి అన్నాను. కక్షతో దీపం ఆర్పేశాడన్నాను. పండగ చేసుకుని వస్తున్న పడవ రాళ్ళకు కొట్టుకుంది, అందరూ పోయారన్నాను. ఇదంతా లేని దేశంలో జరిగిందే కదా.”

“అకార్డియన్?”

ఓరెస్ట్ నల్లటి నీళ్ళవైపు చూశాడు. “అదీ చెప్పాను. తెల్లారి నీళ్ళ మీద తేలుతూ కనబడిందని.”

ఎల్వీ కన్ను మూసుకుంది. అన్నీ మార్చుకుంది తను. సరస్సును సముద్రం చేసింది. జూన్ పండగను కోతల పండగ చేసింది. చేపల పడవకు తెరచాప ఎత్తింది. ఆ ఒక్క అకార్డియన్‌ను మాత్రం మార్చలేకపోయింది. దానికి బదులు ఏ వాయిద్యం పెట్టి చూసినా మనసొప్పలేదు. పుట్టించిన దేశంలో ఒక్క నిజం వస్తువు మిగిలిపోయింది. ఆ గదిలో అలాంటి తప్పు ఇంకెవరూ చెయ్యరు. అక్కడ అందరూ బాగా అబద్ధాలాడే మంచివాళ్ళు.

“గ్వెండా ఉందా అప్పుడు?”

“ఉంది. నా ఎదురుగానే. రొట్టె తింటోంది. అకార్డియన్ అనేసరికి నోటి దగ్గర చెయ్యి అలాగే ఆగిపోయింది.”

గ్వెండా మాకి ఆకురాలు కాలంలో ఆటలో చేరింది. ఓరెస్టే తీసుకొచ్చాడు, క్రెడిట్ యూనియన్ బ్యాంకులో పనిచేసే అమ్మాయి, చురుకైనదని చెప్పి. నలభై దాటిన మనిషిని అమ్మాయి అన్నందుకు ఆ రోజంతా అతన్ని ఆటపట్టించారు. ఆమె తాత ఐనార్, టార్న్ దీవి దగ్గర మునిగిన అసలు పడవ నడిపినవాడు. అకార్డియన్ అతనిది. ఐనార్ తాగి పడవను రాళ్ళకేసి కొట్టాడని ఊరు తేల్చేసింది. దీపం వెలుగుతూనే ఉందని దీపం కాపరి చెప్పాడు. ఎల్వీ తండ్రి. ఆయన మాట కాదనడానికి పడవలో ఎవరూ మిగల్లేదు.

ఐనార్ కూతురు ఐడా, గ్వెండా తల్లి, ఎల్వీ వయసుదే. బడి బస్సులో ఐడా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కారు. తాగుబోతు కూతురు, ఊరిని ముంచినవాడి కూతురు. ఎల్వీ రెండు వరసల వెనక కూర్చుని ఐడా జడ చూస్తుండేది. ఆ జడ ఇప్పటికీ ఆమె కళ్ళముందు ఉంటుంది.

“గ్వెండా ఎవరో తెలిసే తెచ్చావు.”

“తెలిసే.”

“మా ఇంట్లో అన్నం తిని, నా భుజం మీద చెయ్యేసి, నాలుగు నెలలబట్టీ ఇది నడిపావా? నేను బల్ల మీద పడుకుంటే, నా కన్ను కోస్తుంటే, నువ్వు నా నోరు తగిలించుకుని మాట్లాడావా?”

“నువ్వు గదిలో ఉంటే బిళ్ళ ఇవ్వవు కదా.”

“సిగ్గు లేదూ ఆ మాటనడానికి!”

“ఉంది. అందుకే ఇవాళ రాలేదు.” ఓరెస్ట్ గొంతు పెరిగింది. “నీకు రెండుసార్లు చెప్పాను ఎల్వీ. వెళ్ళి ఐడాకు చెప్పు, ముసలివాళ్ళ ఆసరా ఇంట్లో మంచం మీద ఉంది, మతి ఇంకా బాగానే ఉంది, చెప్పు అన్నాను. మొదటిసారి నవ్వేశావు. రెండోసారి ఓర్మాలా రాణికి సంబంధం చూడాలి, నీ దగ్గర ఎవరన్నా రాకుమారుడున్నాడా అన్నావు. నేను మనిషి ప్రాణం గురించి అడుగుతుంటే పెళ్ళి సంబంధమేమిటే!”

“నా మొహం మీద అరవాల్సింది.”

“అరిస్తే ఇంకో ఊరు కడతావు, ఇంకో నది తవ్విస్తావు. ఏ నిజమైనా సరే, దాన్ని ఆ పటం మీదికి తోసేసి అక్కడ రాజ్యమేలుతావు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా.”

“కాగితం దేశమయ్యా అది! పోతే పోనిచ్చేవాడివి. నన్నెందుకు విప్పావు?”

“కాగితం దేశం కోసమేనా కోటు లేకుండా మంచు మీద పడుతూ లేస్తూ వచ్చావు?”

పొయ్యిలో కట్టె విరిగింది. ఫ్లాస్కు మూతలో కాఫీ మీద సన్నటి పొర కట్టింది.

“నేను పోయినా నా దేశం నువ్వు చూసుకుంటావనుకున్నాను,” అంది ఎల్వీ. గొంతులో కోపం లేదు. అదే ఓరెస్ట్‌కు కష్టమయింది. “కూతురు లేదు, కొడుకు లేడు. ఓర్మాలా నీకు రాసిద్దామనుకున్నాను. వినిఫ్రెడ్‌తో కూడా అన్నాను.”

ఓరెస్ట్ గాలం కింద పెట్టేశాడు. ఏదో అనబోయాడు.

బయట మంచుబండి చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. బూట్లు కరకరలాడాయి. తలుపు మీద మర్యాదగా రెండు తట్లు.

గ్వెండా మాకి వంగి లోపలికొచ్చింది. చలికి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చంకలో ఎల్వీ కోటు.

“ఎల్వీ గారూ, మీరు వినకుండానే దిగిపోయారు,” అంది. “వినిఫ్రెడ్ గారు మీరొస్తారనే వారం రోజులు ఆగారు. దేశం సొంతదారు గదిలో ఉంటేనే మచ్చ మీద తీర్పు చెప్పాలట కదా. మీరు మెట్లు దిగుతుంటే ఆవిడ కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు. తీర్పు చెప్పేశారు.”

“ఏం తీర్పు?” అన్నాడు ఓరెస్ట్. “విప్పాం, రేవు తీసుకున్నాం. ఇంకేం తీర్పు?”

గ్వెండా అతనివైపు చూడలేదు. ఎల్వీనే చూస్తోంది.

“చెల్లదన్నారు.”

“చెల్లదా?”

“ఓరెస్ట్ చెప్పిన మచ్చ, ఆ రోజు కోట్ల గదిలో ఎల్వీ గారు తన చెవిలో చెప్పిన మచ్చ ఒకటి కాదన్నారు. రెనాటో గారు వెంటనే, మరి అసలుదేమిటని అడిగారు. ఆవిడ చెప్పలేదు. చెవిలో పడ్డది చెవిలోనే ఉంటుందన్నారు. దీపం ఆరిన మాట, పడవ మునిగిన మాట మాత్రం నిజమే, మిగతాది తప్పు అని కూర్చున్నారు. రేవు మళ్ళీ వాల్తోర్‌దే. పొద్దు కుంకేలోగా సొంతదారు వచ్చి అసలు మచ్చ విప్పితే సరి. లేకపోతే ఓర్మాలా పేరు కొట్టేస్తారు.”

ఓరెస్ట్ లేచాడు. బకెట్టు దొర్లిపోయి గుడిసె గోడకు తగిలింది. “తప్పేమిటి తప్పు? నాతో ఏం చెప్పిందో అదే చెప్పాను. మాట పొల్లుపోకుండా చెప్పాను.” ఎల్వీవైపు తిరిగాడు. “నాకు చెప్పిందే కదా, ఎల్వీ? మీ నాన్న, కక్ష, దీపం...”

ఎల్వీ చూపు పొయ్యివైపు తిప్పుకుంది.

ఓరెస్ట్ మొహంలో రంగు మారింది. ఆ మొహాన్ని ఎల్వీ అన్ని రకాలుగానూ చూసింది, గెలిచినప్పుడు, ఓడినప్పుడు, భార్యను సాగనంపినప్పుడు. ఇలా ఎప్పుడూ చూడలేదు.

“అబద్ధం చెప్పావా నాకు?” అన్నాడు నెమ్మదిగా. “మీ నాన్నను పూడ్చిన మట్టి ఇంకా బూట్లకు ఉండగానే? నా రాజధాని తగలబడుతుంటే నీ కనుమకు కాపలా కాశానే. నాకా?”

గ్వెండా మధ్యలోకి వచ్చింది.

“నాకు రేవుతో పనిలేదు ఎల్వీ గారూ. ఓర్మాలా ఉంటే సంతోషమే, నాకా కర్రకాళ్ళ సైనికులంటే ఇష్టం. కానీ వారం నుంచీ రోజూ అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. కూర్చుంటున్నాను, వచ్చేస్తున్నాను. ఏమిటే, ఏదో మింగుతున్నావు అంటోంది. ఏం చెప్పను? సగం తెలిసింది చెప్పలేను కదా. వాళ్ళ నాన్న తాగి లేడు అని చెప్పాలంటే, మరి దీపం ఎవరార్పారమ్మా అని అడుగుతుంది.”

కోటు విప్పి పట్టుకుంది, పెద్దవాళ్ళకు తొడిగేటప్పుడు పట్టుకున్నట్టు. కాలరు పక్కన ఏదో మెరిసింది. కిరీటం పెట్టుకున్న చేప.

“వినిఫ్రెడ్ గారే పెట్టారు,” అంది గ్వెండా. “తొడుక్కోండి. ఇప్పుడు మాట మీది.”

ఎల్వీ కోటువైపు చూసింది. చలి వేస్తోందని అప్పుడు తెలిసింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. తొడుక్కోకుండా ఈ తలుపు దాటి పోవచ్చు. పొద్దు కుంకుతుంది, ఓర్మాలా చెరిగిపోతుంది, దానితోబాటు ఆ మచ్చా పోతుంది. వినిఫ్రెడ్‌కు ఎనభై ఆరు. తరవాత ఎవరికీ తెలియదు. ఐడా అలాగే తాగుబోతు కూతురుగా కళ్ళు మూస్తుంది.

లేచి నిలబడింది. కుడి చెయ్యి వెనక్కి చాపింది. గ్వెండా తొడిగింది. ఎడమ చెయ్యి దూరడానికి కాస్త సేపు పట్టింది. బొత్తాలు పెట్టుకుంది, అన్నీ, కింద నుంచి పైదాకా. బిళ్ళ వంకరగా ఉంటే సరిచేసుకుంది.

ఆ సభలో మాట్లాడేవాళ్ళు ముందు దేశం పేరు చెప్పాలి. ఆమెకు అది అలవాటు.

“ఓర్మాలా మాట,” అంది. తరవాత గ్వెండా కళ్ళలోకి చూసింది.

“ఆ రోజు మా నాన్న దీవిలోనే లేడు. దీపం దగ్గర నేనే ఉన్నాను.”